తావు రాయమన్నది నేనే

మొన్నీమధ్య మా కాలేజీలో ఇప్పుడు పనిచేస్తున్న కుర్ర లెక్చరర్ ఒకాయన ఫోన్ చేశాడు. "సార్, కొత్తగా చేరినోళ్లకు రెండు రోజులు శిక్షణ పెడతాండాం. పిల్లోళ్లను ఫోన్ల మీద చదువులోకి ఎట్ల దింపల్లో మీరు ఒక గంట చెప్పల్ల. మన కాలేజీలో ఆ పని మొదట చేసింది మీరేనంట గదా" అన్నాడు. రానన్నాను. ఆరోగ్యం బాగాలేదని అబద్ధం చెప్పాను. నా ఆరోగ్యం దివ్యంగా ఉంది. రాననడానికి కారణం వేరే ఉంది, అది ఫోన్లో తెమిలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తరగతికొక గ్రూపు పెట్టుకుని, దానికి మీరే పెద్దలై కూర్చున్న కుర్ర లెక్చరర్లు ఓపిగ్గా చదవండి.

నేను బోటనీ చెప్పేవాణ్ణి. తొంభైల మొదట్లో నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో చేరి, రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. ఇల్లు ఆళ్లగడ్డలో. పొద్దున్నే బస్సెక్కి రావడం, సాయంత్రం బస్సెక్కి పోవడం. బోటనీ చెప్పేవాణ్ణి అన్నాను గానీ, నిజానికి మొదటి పదిహేనేళ్లు నేను చేసింది నోట్సు చెప్పడం. నేను చెప్తాను, వాళ్లు రాసుకుంటారు, పరీక్షలో దాన్నే దించుతారు, నేనే దిద్దుతాను. నా నోట్సు నాలుగు తప్పులు కలుపుకొని నా దగ్గరికే తిరిగొచ్చేది. ఏమైనా సందేహాలున్నాయా అని అడిగితే నలభై తలలు ఒక్కసారిగా బల్లల మీదికి వంగేవి. వీళ్లకు నోరు లేదని నేను స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి.

రెండు వేల ఏడో ఎనిమిదో అయి ఉంటుంది. కంప్యూటర్లు చెప్పడానికి ఒక కుర్రవాడు గెస్టు లెక్చరర్‌గా వచ్చాడు. మనిషి మంచివాడు, నా వయసుకు మర్యాద ఇచ్చేవాడు. ఒక రోజు నా గోల విని నవ్వి, "మీ క్లాసులో మాట్లాడరా సార్? ఆడ చూడండి, నోరు మూసేదే ల్యా" అని ల్యాబుకు తీసుకుపోయి ఒక వెబ్‌సైటు చూపించాడు. అప్పట్లో పిల్లలంతా దాని మీదే పడి ఉండేవారు. తర్వాత అది మూతపడింది, పేరెందుకు లెండి. చూద్దును గదా, నా దగ్గర నోరు తెరవని కోయిలకుంట్ల పిల్లాడు అక్కడ క్రికెట్ గురించి పేజీలకు పేజీలు వాదిస్తున్నాడు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నాడు, తప్పులతోనే, కానీ ఎంత రోషంగా రాస్తున్నాడో!

ఆ వారమే ఆ వెబ్‌సైటులో ఒక గుంపు మొదలుపెట్టాం. 'మా ఊరి ఆకు' అని పేరు పెట్టాను. ప్రతి సోమవారం ఒక ఆకు ఫోటో పెడతాను. దీన్ని మీ ఊళ్లో ఏమంటారు, ఎక్కడ చూశారు, ఎవరు ఎందుకు వాడతారు, ఇవీ ప్రశ్నలు. ఫోటో తియ్యడానికి కాలేజీ కెమెరా ప్రిన్సిపాల్‌గారి బీరువాలో ఉండేది. దాన్ని బయటికి తియ్యాలంటే రిజిస్టరులో సంతకం పెట్టి, బ్యాటరీలు నేనే కొనుక్కోవాలి.

మొదటి వారం పల్లేరు. కోయిలకుంట్ల పిల్లాడు "దీంతో మా శెనగ చేన్లో కాలు పెట్టలేక సస్తాండాం సార్" అని మొదలుపెట్టి, వాళ్ల నాయన దాన్ని ఎప్పుడు పీకుతాడో, ఎప్పుడు పీకితే దండగో రాశాడు. తర్వాతి వారం గుర్రపు డెక్క. వెలుగోడు పిల్లలు ముగ్గురు చెరువు నీళ్ల మీద అది ఎట్లా పాకుతుందో నాకే పాఠం చెప్పారు. ఆదివారం వచ్చిందంటే నెట్ సెంటర్ల ముందు మా పిల్లలు బారులు తీరేవారు. నేనూ ఆళ్లగడ్డ నెట్ సెంటర్లో కూర్చుని వాళ్లు రాసింది చదివేవాణ్ణి. పదిహేనేళ్ల ఉద్యోగంలో మొదటిసారి నాకు పని చేస్తున్నట్టనిపించింది. ఆ సంతోషం నిజమైందే. దాన్ని ఇప్పుడు కాదనలేను.

సంతోషంతోపాటు గర్వమూ వచ్చింది. ఆ గుంపులో ఎవరైనా చేరవచ్చు. మా పిల్లలు నలభైమందే అయినా రోజురోజుకూ ఎవరెవరో చేరేవారు. నాటు వైద్యులమని కొందరు, మూలికల వ్యాపారులమని కొందరు, ఏమీ చెప్పుకోనివాళ్లు కొందరు. పేజీ తెరవగానే సభ్యుల అంకె కనబడుతుంది. పొద్దున చూసిన అంకె సాయంత్రానికి పెరిగితే నాకు రెండు కప్పుల టీ తాగినంత హుషారు. కంప్యూటర్ కుర్రవాడు ఒకసారి మెల్లగా అన్నాడు. "సార్, దీన్ని మన పిల్లోళ్లకు మాత్రమే పెడదామా? బయటోళ్లు చూడకుండా మూసేయొచ్చు."

"చదువుకు తలుపులెందుకయ్యా" అన్నాను. మాట బాగుంది. నేను ఆలోచించింది మాత్రం అంకె గురించి.

మా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రుద్రవరం వైపు, అడవి అంచున ఉన్న చెంచు గూడెం నుంచి వచ్చింది. ఆ గూడెంలో డిగ్రీ దాకా చేరిన మొదటి పిల్ల. నంద్యాలలో హాస్టల్లో ఉండేది. మొదటి సంవత్సరంలో ఒకసారి నేనడిగినదానికి జవాబు చెప్పబోతే, ఆమె మాట తీరును ఎవడో వెక్కిరించాడు. తరగతి నవ్వింది. నేనూ కాస్త నవ్వి, తర్వాత 'ష్' అన్నాను. ఆ రోజు తర్వాత ఆమె క్లాసులో నోరు తెరవలేదు. కానీ మా గుంపులో రాసేది. హాస్టల్ స్నేహితురాలు ఒకతె టైపు కొట్టి పెట్టేది మొదట్లో, తర్వాత తనే నేర్చుకుంది. పొట్టి వాక్యాలు, ఒక్క మాట కూడా వృథా ఉండదు. నేను పెట్టిన ఆకుల్లో రెండింటికి నేను రాసిన పేరే తప్పని చెప్పింది. పుస్తకం తీసి చూసుకుంటే ఆమెదే సరి.

జనవరి నెలాఖరులో నన్నారి పెట్టాను. ఎండాకాలం వస్తే నంద్యాలలో నన్నారి షర్బత్ తాగని మనిషి ఉండడు. కానీ ఆ గడ్డ ఏ తీగకు ఊరుతుందో చూసినవాళ్లు లేరు. బజారులో కొన్న ఎండు గడ్డ ఫోటో పెట్టి, ఈ తీగను ఎవరు చూశారని అడిగాను. "మేం గ్లాసులోనే చూసినాం సార్" అని ఒకడు, "ఐసు లేకుండా గుర్తుపట్టలేం" అని ఇంకొకడు. ఆదివారం ఆ అమ్మాయి రాసింది.

రాళ్ల సందుల్లో పెరుగుతుందని రాసింది. వాళ్ల అవ్వ గడ్డపార వాడదు, మొన తేలిన కర్రతోనే తవ్వుతుంది. చుట్టూ ఉన్న పక్క గడ్డలే తీస్తుంది, నడుమ ఉన్న తల్లి గడ్డను ముట్టదు. తీశాక మన్ను కప్పి, మన్ను కొట్టుకుపోకుండా రాయి పెడుతుంది. ఒకసారి తవ్విన చోటికి మూడు వానాకాలాలు పోయేదాకా మళ్లీ పోరు. ఇదంతా పది వాక్యాల్లో రాసింది. నేను మూడుసార్లు చదువుకున్నాను. ఏ పాఠ్యపుస్తకంలోనూ నేనిది చూడలేదు.

ఇక్కడ మా విద్యలో ఉన్న ఒక పట్టుదల గురించి చెప్పాలి. మేము మొక్కను తెచ్చి, ఎండబెట్టి, అట్ట మీద అతికించి, కింద ఒక చీటీ అంటిస్తాం. మొక్క పేరు, సేకరించినవారి పేరు, తేదీ, తావు. వీటిలో తావు ముఖ్యం. ఏ కొండ, ఏ వాగు, ఎంత దూరం అనేది లేకపోతే ఆ నమూనా దేనికీ పనికిరాదని మాకు నేర్పారు. నేను చదువుకునే రోజుల్లో తావు రాయలేదని మా మాస్టరు నా అట్టను నా కళ్లముందే రెండుగా చించారు. అప్పుడు పట్టిన పిచ్చి నాకు వదల్లేదు. ఆ అమ్మాయి జవాబు కింద, అందరూ చూసేచోట, ఇట్లా రాశాను. 'చాలా బాగుంది. కానీ తావు ఏది? ఏ వాగు పక్కన, ఏ దారిలో, ఎంత దూరం? తావు లేని నమూనా చెత్తబుట్టకే. సేకరించినవారి పేరుతో సహా రాయి.'

మరునాడు ల్యాబు బయట నిలబడి ఉంది.

"సార్, తావు చెప్పగూడదు సార్. మా అవ్వ కోప్పడతాది."

"ఎందుకమ్మా?"

"కొండలో అది మా ఇంటోళ్ల వాలు సార్. ఒక్కో ఇంటికి ఒక్కో వాలు ఉంటాది. ఒకరిది ఇంకొకరు అడగరు. మేమూ చెప్పం."

నేను నవ్వాను. "ఇది సైన్సమ్మా. దాచుకునేదాన్ని సైన్సు అనరు" అన్నాను. అంతటితో ఆగలేదు. రికార్డుకు వేసే ఇంటర్నల్ మార్కుల్లో తావుకు అయిదు మార్కులున్నాయని కూడా చెప్పాను. ఆమె "సరే సార్" అంది. నేను వాదనలో గెలిచాననుకున్నాను.

ఆ ఆదివారం రాసింది. ఏ దారిలో పోవాలి, ఏ వాగు దాటాలి, ఏ బండ దగ్గర మళ్లాలి, అక్కణ్ణుంచి ఎంత నడక. కింద తన పూర్తి పేరు, తేదీ. నేను దాని కింద 'ఇదీ పద్ధతి. అందరూ ఈమెను చూసి నేర్చుకోండి' అని రాశాను. మొహానికి బదులు నెమలి బొమ్మ పెట్టుకున్న సభ్యుడొకడు 'చాలా మంచి సమాచారం' అని మెచ్చుకున్నాడు. వాడెవడో నాకు తెలియదు. ధన్యవాదాలు కూడా చెప్పాను.

మూడు వారాలు గడిచాయి. ఎవరో జీపులేసుకుని గడ్డపారలతో వచ్చి ఆ వాలంతా తవ్వేశారు. పక్క గడ్డలు, తల్లి గడ్డలు, చిన్నవి, పెద్దవి, అన్నీ. అటవీశాఖవాళ్లు వచ్చి చూస్తే గుంతలు మిగిలాయి. వాళ్ల చేతికి దొంగలు దొరకలేదు గానీ, ఎక్కడి నుంచి తెచ్చారో, ఆ అమ్మాయి రాసిన జవాబు అచ్చువేసిన కాగితం దొరికింది. అందులో ఆమె పేరుంది, ఊరుంది, సేకరించినది తానేనని ఉంది. వాళ్ల నాయనను రెండు రోజులు పిలిపించి కూర్చోబెట్టి అడిగారు. అది అంతటితో వదిలిపోయింది. కానీ ఆ కాగితాన్ని గూడెంలో చదివి వినిపించారు. సొంత వాలు దారిని బయటివాళ్లకు అమ్ముకున్న ఇల్లని ఆ ఇంటికి పేరు పడింది. ఈ రోజు తమ వాలు చెప్పినవాళ్లు రేపు మాది చెప్పరా అని అందరూ మాట్లాడటం మానేశారట.

సోమవారం పొద్దున ముగ్గురూ కాలేజీకి వచ్చారు. ఆ అమ్మాయి, వాళ్ల నాయన, అవ్వ. ఆ గురువారం మా కాలేజీకి తనిఖీ కమిటీ రావాల్సి ఉంది. గోడలకు సున్నాలు కొడుతున్నారు, ప్రిన్సిపాల్‌గారు నిచ్చెనల మధ్య తిరుగుతూ అందరినీ కసురుతున్నారు. ఆయన గదిలోనే మాట్లాడాం. అవ్వ కుర్చీలో కూర్చోలేదు, నా ఎదురుగా నిలబడింది.

"నువ్వేనా సారువి? నువ్వు మాకు ఇయ్యాల్సింది ఏం ల్యా. ఒక్కపూట మా గూడేనికి రా. అందరి ముందర నిలబడి, ఆ యమ్మిని నేనే రాయమంటి, తను వద్దన్యా ఇనకుంటి అని చెప్పు. అంతే సాలు."

"వస్తానవ్వా. ఆదివారం వస్తాను" అన్నాను. ఆ క్షణం పోవాలనే అనుకున్నాను. దయచేసి ఈ ఒక్క మాట నమ్మండి.

వాళ్లు బయటికి పోగానే ప్రిన్సిపాల్‌గారు తలుపు దగ్గరికి వేశారు. "ఏం సారూ, తల తిరుగుతాందా నీకు? ఆడికి పోయి నేనే రాయమన్యా అంటే, అదే మాట కాగితం మీద రాసియ్యమంటారు. కేసులో నువ్వుంటావ్, నీతో పాటు కాలేజీ ఉంటాది. గురువారం కమిటీ. ముందు పోయి ఆ పేజీ తీసేయ్. ఇప్పుడే తీసేయ్."

నేను ఎదురు చెప్పలేదు. ప్రమోషన్ కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి, అది కారణమని చెప్పుకుంటే కొంత తేలికవుతుంది. అసలు కారణం భయం. నా పేరు ఒక ఆఫీసు కాగితంలో కనబడుతుందన్న భయం. ల్యాబుకు పోయాను. కంప్యూటర్ కుర్రవాడు పక్కనే నిలబడ్డాడు.

"సార్, తీసేసే ముందర ఒక కాపీ అచ్చు తీసి పెడదాం. రేపు ఆ యమ్మికి పనికొస్తాది. ఆ కాగితంలో ఆ యమ్మి జవాబే ఉంది. దానిపైన మీరు అడిగింది ల్యా."

"వద్దు" అన్నాను. ఎందుకు వద్దన్నానో నాకు బాగా తెలుసు. ఆమె నిర్దోషి అని చూపించగలిగింది ఆ పేజీలో నేను రాసిన అయిదు వాక్యాలే. నన్ను పట్టించేవీ అవే. నిజంగానే తీసేయమంటారా అని కంప్యూటర్ ఒకటికి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఔనని నొక్కాను. కుర్రవాడు అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాతో పనుంటేనే మాట్లాడేవాడు.

మంగళవారం ఆ అమ్మాయి ల్యాబుకు వచ్చింది. చేతిలో నెట్ సెంటరు చీటీ ఉంది.

"సార్, పేజీ కనపడల్యా. మీరు అడిగింది అచ్చు తీపిచ్చుకొని పోదామని పోయినా."

"ఏదో టెక్నికల్ ప్రాబ్లం అమ్మా."

"నిన్న పొద్దున ఉండె సార్."

నేను మైక్రోస్కోపు తుడుస్తూ ఉండిపోయాను. ఆమె చీటీ మడిచి పెట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు. "మీరు వస్తాండారు గదా సార్, ఆదివారం" అంది. వస్తున్నానన్నాను. నాకు ఆ రోజు నా గొంతు అసహ్యంగా వినిపించింది.

గురువారం కమిటీ వచ్చింది. మరుగుదొడ్లు చూసి, హాజరు పట్టీలు తిరగేసి, భోజనం బాగుందని చెప్పి వెళ్లిపోయింది. కంప్యూటర్ గురించి ఒక్కరు ఒక్క మాట అడగలేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని రుద్రవరం దాకా పోయాను. బస్సు దిగి టీ తాగాను. ఆటో అతను "గూడేనికా సార్? బేగా ఎక్కండి, పోతాండా" అన్నాడు. తెలిసినవాళ్ల కోసం చూస్తున్నానని చెప్పాను. ఇంకో టీ తాగి వచ్చిన బస్సులోనే ఆళ్లగడ్డకు తిరిగొచ్చాను. ఇంట్లో పనైందా అని అడిగితే అయిందన్నాను. అక్కడ ఆ రోజు ఎంతమంది కూర్చుని నా కోసం ఎదురుచూశారో తర్వాత గానీ తెలియలేదు.

ఆ అమ్మాయి పరీక్షలకు రాలేదు. ఆమె హాల్ టికెట్ ఆఫీసులో ఎవరూ తీసుకోక చాలా రోజులు పడి ఉంది. స్నేహితురాలిని అడిగాను. "వాళ్లింటోళ్లను అడివి పనికి ఎవురూ కలుపుకోవడం ల్యా సార్. తేనెకూ పోనీరంట" అంది. ఆ అమ్మాయి ఎలా ఉందని అడిగితే, "మీరు అడగాకండి సార్" అని నా ముఖాన్నే చెప్పి పోయింది. నాకు కోపం రాలేదు.

మీరు అనవచ్చు, తర్వాతైనా పోయి చెప్పి ఉండవచ్చు కదా అని. పోయాను. మరుసటి ఏడాది వానలు తగ్గాక, నా ప్రమోషన్ వచ్చేశాక పోయాను. భయపడటానికి ఇక ఏమీ మిగలనప్పుడు నాకు ధైర్యం వచ్చింది. గూడెం పెద్దమనిషి ఇంటి ముందు మంచం అల్లుతున్నాడు. ఇంకో నలుగురు చేరారు. నిలబడే చెప్పాను. తావు రాయమన్నది నేనేనని, ఆ అమ్మాయి వద్దన్నా మార్కులు చూపించి బెదిరించానని, పేజీ తీసేసింది కూడా నేనేనని, ఆమె ఎవరికీ ఏమీ అమ్మలేదని. ఒక్కటీ దాచలేదు.

పెద్దమనిషి చివరి దాకా విన్నాడు. తాడు ముడి వేసి పక్కన పెట్టాడు.

"వాళ్లు ఎల్లిపోయినారు సారూ. యాడికి పోయిరో మాకు చెప్పల్యా" అన్నాడు. "నువ్వు ఇప్పుడు చెప్పిన మాటే ఆ బిడ్డ ఆ పొద్దే చెప్పింది. మా సారే రాయమన్యాడు, ఆదివారం వచ్చి ఆయనే చెప్తాడు అనింది. పొద్దుగూకే దాకా కూచున్యాం. నువ్వు రాల్యా. సదువు చెప్పే సారు అట్ల ఎందుకు జేస్తాడు, తప్పు నీ మింద బెట్టుకొని సారును ఆడిపోసుకుంటాండావా అని మేమే ఆ బిడ్డను తిడ్తిమి. నీ మిందుండే నమ్మకంతోనే ఆ యింటిని ఎల్లగొడ్తిమి సారూ."

చెప్పి లేచాడు. ఎండన పడి వచ్చావని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగాను.